మౌనం పూర్ణాంగీకారం

ముందు వాసన తగులుతుంది.

పొద్దున్న ఎనిమిదిన్నర. పారిస్ ఆరో వార్డులో మీరు దిగిన చిన్న హోటల్ తలుపు తోయగానే కుళ్లిన ఉల్లిపాయలు, విరిగిన పాలు, తడిసిన అట్టపెట్టెలు అన్నీ కలిసి గుప్పుమంటాయి. ఫుట్‌పాత్ మీద నల్ల సంచుల గుట్ట మీ భుజాల దాకా ఉంది. అడుగున ఒక సంచి పగిలి కోడిగుడ్డు పెంకులూ కాఫీ పిప్పీ రోడ్డు మీదికి జారాయి. కాలెత్తి దాటుకుంటారు. చెత్త ఎత్తేవాళ్లు సమ్మెకు దిగి పది రోజులైంది. ఇప్పటిదాకా వాళ్లు 57 ఏళ్లకు పని మానుకోవచ్చు. కొత్త చట్టం వస్తే 59.

నడుస్తూ నడుస్తూ ఏడో వార్డులోకి వచ్చేసరికి గుట్టలు పలచబడతాయి. మంత్రుల కార్యాలయాలూ, మీ సభా ఉన్న వార్డు ఇది. పెద్దవాళ్లకు ప్రత్యేక మర్యాద అనుకునేరు, కాదు. ఈ వార్డు చెత్త ఎత్తేది ప్రైవేటు కంపెనీ, అంతే సంగతి. కానీ ఆరో వార్డు కిటికీలోంచి చూసేవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఇవాళ 2023 మార్చి 16, గురువారం. మీరు నేషనల్ అసెంబ్లీలో ఎంపీ. తూర్పు ఫ్రాన్స్‌లో, మూతపడ్డ ఫ్యాక్టరీల మధ్య ఉన్న చిన్న పట్టణం మీది. పార్టీ రిపబ్లికన్లు, అంటే డిగాల్ వారసులమని చెప్పుకునే మితవాదులు. మధ్యాహ్నం మూడింటికి సభ. రిటైర్మెంట్ వయసును 62 నుంచి 64కు పెంచే బిల్లుకు ఇవాళ ఆఖరి ఓటు. మీ జేబులో ఫోన్ మోగుతూనే ఉంది.

నిన్నటి నుంచి ఇది ఏడో కాల్. ఒకసారి మంత్రి, ఒకసారి మంత్రి మనిషి, ఒకసారి మీ పార్టీ వాళ్లే. అందరిదీ ఒకటే ప్రశ్న. అవునా, కాదా?

మీ ఒక్క ఓటు కోసం ఇంత వెంటపడటం ఎందుకో తెలుసు. అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ మేక్రాన్ కూటమికి 577 స్థానాల్లో ఉన్నవి దాదాపు 250. సగం దాటాలంటే 289 కావాలి. మీ పార్టీకి ఉన్నది 61. ఆ లోటు పూడాలంటే మీ బెంచీల నుంచే పూడాలి. లెక్క రాసుకున్న కాగితాలు ప్రధాని ఆఫీసులో ఒకటి, మీ పార్టీ గదిలో ఒకటి, విలేకరుల దగ్గర నాలుగైదు తిరుగుతున్నాయి. ప్రతి కాగితంలోనూ మీ పేరు పక్కన ప్రశ్నార్థకమే.

"విప్ జారీ చేస్తే సరిపోదా?" అని మన దగ్గర ఎవరైనా అడుగుతారు. ఇక్కడ సరిపోదు. సభ్యుడు ఇలాగే ఓటు వేయాలని కట్టడి చేయడం చెల్లదని ఫ్రెంచి రాజ్యాంగమే అంటుంది. పార్టీ మాట కాదంటే పదవి పోవచ్చు. ఆరెలియాఁ ప్రాడియే అనే మీ సహచరుడికి గత నెలలో అదే జరిగింది, పార్టీ ఉపాధ్యక్ష పదవి ఊడింది. కానీ ఆయన ఎంపీ సీటును ఎవరూ తీయలేరు. కాబట్టి మిమ్మల్ని ఆజ్ఞాపించే దారి లేదు. బతిమాలాలి. లేదా భయపెట్టాలి.

భయం నిన్న రాత్రే మొదలైంది. ఓటు వీగిపోతే అధ్యక్షుడు సభనే రద్దు చేస్తారట. ఎవరన్నారో తెలీదు, అందరికీ తెలుసు. రద్దయితే ఎన్నికలు. ఈ కోపంలో ఎన్నికలంటే మీ సీటు గల్లంతు.

ఇంకో చిక్కు కూడా ఉంది, అది మీరు గట్టిగా పైకి అనలేనిది. నిరుడు అధ్యక్ష ఎన్నికల్లో మీ పార్టీ అభ్యర్థి వలెరీ పెక్రెస్ అన్నది 64 కాదు, 65. మీరు ఆ కరపత్రాలు పంచారు. సెనేట్‌లో మీవాళ్లు ఇవాళ పొద్దునే ఈ బిల్లుకు 193-114తో పచ్చజెండా ఊపుతారు. మరి మీకు ఎక్కడ అడ్డం పడింది?

మార్కెట్లో పడింది.

పోయిన శనివారం. మీ ఊరి సంతలో ఉల్లికాడల బండి దగ్గర ఒకావిడ మిమ్మల్ని ఆపింది. యాభై ఎనిమిదేళ్లు, 1964లో పుట్టిన మనిషి. ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డ ముసలివాళ్లకు స్నానం చేయించి, బట్టలు మార్చి, అన్నం తినిపించి వస్తుంది. మాట్లాడుతూనే గుడ్డసంచిని కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మార్చుకుంది. కుడిది ఇక బరువు మోయదట.

"ఎంపీ గారూ, ఇద్దరు పిల్లల్ని కన్నందుకు బిడ్డకు రెండేళ్ల చొప్పున నా సర్వీసులో కలిపారు. దాంతో 62కి నాకు పూర్తి పింఛను వస్తుందని లెక్క కట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు 63 దాకా ఆగమంటున్నారు. నా పిల్లల ఏళ్లు ఎటు పోయినట్టు?"

మీ దగ్గర జవాబు ఉంది. ఒకప్పుడు ఒక పింఛనుదారుకు నలుగురు పనిచేసేవాళ్లు ఉండేవారు, ఇప్పుడు ఇద్దరు కూడా లేరు. 2030కి లోటు 1,350 కోట్ల యూరోలని ప్రభుత్వ లెక్క. ఇక్కడ మీ పింఛను మీ పొదుపులోంచి రాదు, ఇవాళ పనిచేసేవాళ్ల జీతంలోంచి కోసి ఇవాళ్టి ముసలివాళ్లకు ఇస్తారు. పనిచేసేవాళ్లు తగ్గితే గిన్నె ఖాళీ. ఇదంతా నిజమే. కానీ ఉల్లికాడల బండి దగ్గర నిలబడి, ఆ భుజం వైపు చూస్తూ, "గిన్నె ఖాళీ" అనడం మీ వల్ల కాలేదు. ఈ బిల్లుతో ఆడవాళ్లు కాస్త నష్టపోతారని జనవరిలో ప్రభుత్వ మంత్రి ఫ్రాంక్ రీస్టరే నోరు జారారు. కాస్త. ఆ మాట ఆవిడ కూడా విన్నది.

మూడు కావస్తోంది.

సభలోకి వస్తారు. అర్ధచంద్రాకారంలో మెట్లుమెట్లుగా ఎర్ర వెల్వెట్ కుర్చీలు. ఎదురుగా ఎత్తైన పీఠం మీద సభాధ్యక్షురాలు యాయెల్ బ్రోన్-పివే. ఆమె వెనక గోడంతా పరుచుకున్న నేత చిత్రం, రఫాయెల్ గీసిన 'స్కూల్ ఆఫ్ ఏథెన్స్'. ప్లేటో, అరిస్టాటిల్ తాపీగా వాదించుకుంటూ నడిచి వస్తుంటారు. దాని కింద ఎవరూ తాపీగా లేరు.

మీ బల్ల మీద మూడు బటన్లు. అవును, కాదు, తటస్థం. చూపుడువేలు దేని మీద పెట్టాలో మీకు ఇంకా తెలీదు. అరచేయి చెమట పట్టి జారుతోంది.

ప్రధాని కుర్చీ ఖాళీగా ఉంది.

గుసగుసలు మొదలవుతాయి. నది అవతల, అధ్యక్షుడు ఉండే ఎలిజే భవనంలో, సభకు కొద్ది నిమిషాల ముందు, మంత్రివర్గం ఉన్నట్టుండి సమావేశమైందట. ఓటు లేదట. పెట్టరట. ఆ మాట బెంచీ నుంచి బెంచీకి పాకుతుంది, ఎండుగడ్డిలో నిప్పులా.

నిర్ణయించిన మనిషి మాత్రం ఈ గదిలో లేరు. ఉండరు కూడా. అధ్యక్షుడు ఈ సభలో అడుగుపెట్టి మాట్లాడకూడదన్నది 1873 నుంచి వస్తున్న కట్టు. మనకు రాష్ట్రపతి అంటే సంతకం పెట్టే పెద్దమనిషి, ప్రధాని అంటే నడిపించే మనిషి. ఇక్కడ తలకిందులు. నడిపించేది అధ్యక్షుడు, దెబ్బలు తినేది ప్రధాని. ఫ్రెంచివాళ్లు ప్రధానిని 'ఫ్యూజు' అంటారు. కరెంటు ఎక్కువైతే ముందు మాడాల్సింది అదే, ఇంటికి ఏమీ కాకూడదు.

ఆ ఫ్యూజు లోపలికి వచ్చింది. ఎలిజబెత్ బోర్న్. ఇంజనీరు చదువు, ఈ దేశానికి రెండో మహిళా ప్రధాని. వేదిక వైపు నడుస్తున్నారు.

ఎడమ బెంచీలు ఒక్కసారిగా లేస్తాయి. "64 వద్దు" అని రాసిన కాగితాలు ఎత్తి పట్టుకుని జాతీయగీతం అందుకుంటారు. ఎంత గట్టిగా పాడుతున్నారంటే మీ బల్ల చెక్క అదురుతున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. మీరు లేచి నిలబడాలా? జాతీయగీతమే కదా. లేస్తే వాళ్లతో ఉన్నట్టు. కూర్చుంటే దేశాన్ని అవమానించినట్టు. ఇలాంటి ఇరకాటం మీకు స్కూల్లో ఎవరూ నేర్పలేదు.

సభ ఆగుతుంది. కొద్ది నిమిషాల తర్వాత మళ్లీ మొదలవుతుంది. పాట ఆగదు. ఆమె చదవడం మొదలుపెడతారు. గొంతు పాటలో మునుగుతూ తేలుతూ ఉంటుంది. అటువైపు తీవ్ర మితవాద నాయకురాలు మెరీన్ లెపెన్ మనుషులు "రాజీనామా" అని అరుస్తున్నారు. ముక్కలు ముక్కలుగా అందుతోంది. పింఛన్ల భవిష్యత్తు... పందెం కాయలేం... రాజ్యాంగంలోని 49వ అధికరణ...

మూడో క్లాజు.

అయిపోయింది. మీ బల్ల మీది మూడు బటన్లూ ఇక ఉత్త బటన్లే.

49.3 అంటే ఏమిటో ఈ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, లేదా ఈ సాయంత్రానికి తెలుస్తుంది. ప్రధాని తన ప్రభుత్వాన్నే పందెంలో పెడతారు. ఇక బిల్లు మీద ఓటు ఉండదు. 24 గంటల్లో ఎవరైనా అవిశ్వాస తీర్మానం పెట్టి, అది నెగ్గితే ప్రభుత్వం కూలుతుంది, బిల్లూ పోతుంది. నెగ్గకపోతే బిల్లు పాసైనట్టే. 1958లో డిగాల్ కోసం రాజ్యాంగం రాసినప్పుడు పెట్టిన క్లాజు ఇది. అంతకుముందు మాటిమాటికీ ప్రభుత్వాలు కూలిపోయే రోజులు చూసినవాళ్లు, మళ్లీ అలా కాకూడదని గట్టి తాళం వేశారు. ఇది వందోసారి వాడటం. మిషెల్ రొకార్ అనే సోషలిస్టు ప్రధాని ఒక్కరే 28 సార్లు వాడారు. దొంగదారేమీ కాదు. ముందు గుమ్మమే. కాకపోతే ఇంట్లో అందరూ నిద్రపోతున్నప్పుడు వాడటానికి వేరు, అందరూ మేలుకుని గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు వాడటానికి వేరు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోండి, ఎవరికీ వినపడదు. ఆ క్షణాన మీకు ముందు కలిగింది కోపం కాదు. ఊరట. నొక్కాల్సిన బటన్ నొక్కే పని తప్పింది. మీ వరసలో ఇంకొందరి మొహాలు చూడండి, అదే ఊరట. కోపం తర్వాత వస్తుంది, మెట్లు దిగుతూ ఉండగా. 'మా లెక్క కుదరలేదు కాబట్టి మీ ఓటే అక్కర్లేదు' అన్నారన్న సంగతి అప్పుడు తలకెక్కుతుంది.

సాయంత్రం. వంతెన మీద నిలబడితే నదికి అవతల కాంకర్డ్ కూడలి కనిపిస్తుంది. జనం. వచ్చేశారు. జనవరి నుంచి కార్మిక సంఘాలు పద్ధతిగా ఊరేగింపులు తీశాయి. ఎనిమిది సంఘాలూ ఒక్కటై, మార్చి 7న ప్రభుత్వ లెక్కలోనే 12 లక్షల 80 వేల మందిని రోడ్డు మీదికి తెచ్చాయి. పారిస్‌లో కొద్దిపాటి గొడవలు తప్ప, బెలూన్లు, పాటలు, సాసేజీల బండ్లతో పద్ధతిగానే నడిచాయి. ఇది వేరు. ఇందులో బెలూన్లు లేవు.

చీకటి పడుతోంది. మీ హోటల్ ఇటువైపే, అవతల మీకు పనేమీ లేదు. అయినా వెళ్తారా? కోటు కాలరు పైకెత్తి నడుస్తారు. మీ మొహం ఇక్కడ ఎవరికీ తెలీదు, తెలియకూడదని మొదటిసారి కోరుకుంటున్నారు.

రాతి స్తంభం దగ్గర మంట. పక్కనే పని జరుగుతున్న చోటి చెక్కలు తెచ్చి వేస్తున్నారు. 1793లో రాజు తల తెగింది ఈ కూడలిలోనే, ఆ సంగతి ఇక్కడ అరుస్తున్న కుర్రాళ్లందరికీ తెలుసు. నినాదాల్లో అధ్యక్షుడి పేరు పక్కన రాజు పేరు వస్తోంది. పొగ కళ్లలోకి కొడుతోంది.

ఎవరో ఈల వేశారు.

పోలీసులు కదిలారు.

నీళ్ల ఫిరంగి. మొదటి చుక్కలు మీ చెంప మీద. చల్లగా. గుంపు వెనక్కి తోసుకొస్తోంది. ఒక మోచేయి మీ పక్కటెముకలో. బూటు జారింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎవరిదో చేయి దొరికింది. లాగింది. లేచారు. పరుగు. ఏదో పేలింది. గొంతులో కారం. కళ్లు తెరవలేరు. గోడ. గోడ పట్టుకోండి. మెట్లు. కిందికి.

మెట్రో గేటు మూసేశారు.

ఆ చేయి ఎవరిదో చూస్తారు. ఇరవై ఏళ్ల పిల్ల, కాలేజీ సంచి. "బాగానే ఉన్నారా అండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అటే పరిగెత్తింది, మంట వైపు. రిటైర్ కావడానికి ఆ పిల్లకు ఇంకా నలభై ఏళ్ల పైన ఉంది. ఆ రాత్రి దేశమంతటా మూడొందల మందికి పైగా అరెస్టవుతారు.

హోటల్ గదిలో నిద్ర పట్టదు. కోటుకు పట్టిన పొగ వాసన గదంతా నిండింది. పింఛను జోలికి వెళ్లిన పాతవాళ్లు ఒక్కొక్కరే గుర్తొస్తారు. 1982లో అధ్యక్షుడు మిత్తెరాఁ వయసును 65 నుంచి 60కి దించారు, అది ఈ దేశం జ్ఞాపకంలో పండగలా మిగిలిపోయింది. 1995 డిసెంబర్లో ప్రధాని అలాఁ జుప్పే రైల్వేవాళ్ల పింఛన్లు ముట్టుకుంటే మూడు వారాలు రైళ్లు కదల్లేదు, ఆయనే వెనక్కి తగ్గారు. 2010లో అధ్యక్షుడు సర్కోజీ 62 చేశారు, రెండేళ్లకు ఓడిపోయారు. ఇక మేక్రాన్ సంగతి. సరిగ్గా మూడేళ్ల కిందట, 2020 మార్చి 16న, కోవిడ్ మొదలైన రోజుల్లో టీవీలోకి వచ్చి, మొదటి పింఛను సంస్కరణను ఆపేస్తున్నానని చెప్పింది ఆయనే. అప్పటి బిల్లు వేరు, పాయింట్ల పద్ధతి. అది కూడా 49.3తోనే సభ దాటింది.

ఆయనది మొండితనమా, ధైర్యమా? తెల్లవారుజామున మూడింటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నిరుడు ఏప్రిల్లో ఆయనకు 58 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. పింఛను వయసు పెంచుతానని దాచకుండా చెప్పే గెలిచారు. కానీ ఆ ఓట్లలో చాలా ఓట్లు మెరీన్ లెపెన్ రాకూడదని పడ్డవి, గెలిచిన రాత్రి ఆయనే ఆ మాట అన్నారు. జూన్లో అదే జనం సభలో మెజారిటీ ఇవ్వలేదు. చేతిలో చీటీ ఉంది, దాని మీద అంకె ఎంతో ఎవరికీ స్పష్టంగా కనపడటం లేదు. నన్నడిగితే, ఈ రాజ్యాంగం ఇక్కడి అధ్యక్షులకు చేసిన కీడు ఒకటుంది. ఒప్పించకుండానే పని జరిగే సౌకర్యం ఇచ్చింది. వాడని కాలు సన్నబడ్డట్టు, ఒప్పించే అలవాటు ఒక్కొక్క అధ్యక్షుడి దగ్గరా సన్నబడుతూ వచ్చింది.

శని, ఆదివారాలు ఊళ్లో గడుస్తాయి. అవిశ్వాస తీర్మానాలు రెండు వచ్చాయి. ఒకటి లెపెన్ పార్టీది, దానికి మిగతా ప్రతిపక్షం తోడు రాదు. రెండోది చిన్న స్వతంత్ర బృందానిది, దాని తరఫున షార్ల్ ద కుర్సోన్ మాట్లాడతారు. ముప్పై ఏళ్లుగా బడ్జెట్ పుస్తకాలు నమిలిన మధ్యేవాది, ఎవరికీ విరోధి కాదు. దానికి వామపక్షం, లెపెన్ పార్టీ రెండూ ఓటేస్తాయి. ప్రమాదం అందులోనే ఉంది.

ఆదివారం పొద్దున్న ఫోన్లో ఒక ఫొటో వస్తుంది. నీస్‌లో మీ పార్టీ అధ్యక్షుడు ఎరిక్ సియోట్టీ ఆఫీసు. రాత్రి ఎవరో రాళ్లు వేశారు. అద్దం సాలెగూడులా పగిలింది. గోడ మీద రాత: తీర్మానమా, రాయా? మీరు లేచి వీధివైపు కిటికీ పలకలు మూస్తారు. భార్య చూస్తుంది, ఏమీ అనదు.

సోమవారం, మార్చి 20. నాలుగు గంటలు.

ఉపన్యాసాలు అయ్యేసరికి ఆరు దాటింది. ఓటు ఎలా వేస్తారో తెలిస్తేగానీ మీ కాళ్లు ఎందుకు బరువెక్కాయో అర్థం కాదు. నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ప్రభుత్వం కూలాలంటే 287 కావాలి. కూల్చాలనుకున్నవాళ్లు మాత్రమే లేచి, సభ పక్కనున్న గదుల్లోకి వెళ్లి ఓటు వేస్తారు. నిలబెట్టాలనుకునేవాళ్లు ఏమీ చేయనక్కర్లేదు. రాని ఓటు ప్రభుత్వానిదే. నిద్రపోయిన ఓటు ప్రభుత్వానిదే. తటస్థమన్నది లేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. ఇక్కడ పూర్ణాంగీకారం.

గంట మోగింది. అరగంట సమయం.

లేచేవాళ్లు లేస్తున్నారు. ఎవరు లేచారో అందరూ చూస్తున్నారు.

మీ ముందు వరసలో ఒకాయన లేచారు. మీ పార్టీయే. వెనక ఇంకొకరు. కుర్చీ మడత పడిన చప్పుడు. మీ వేళ్లు బల్ల అంచును పట్టుకున్నాయి.

లేస్తే? ప్రభుత్వం పడొచ్చు. బిల్లు పోతుంది. ఆవిడ పిల్లల ఏళ్లు తిరిగొస్తాయి. ఆ తర్వాత? సభ రద్దు. ఈ రాజ్యాంగం వచ్చాక ఇప్పటిదాకా ఒకేఒక్కసారి, 1962లో, ఈ సభ ప్రభుత్వాన్ని కూల్చింది, అప్పటి అధ్యక్షుడు డిగాల్ సభనే రద్దు చేసి ఇంకా పెద్ద మెజారిటీతో తిరిగొచ్చారు. ఈసారి తిరిగొచ్చేది ఎవరు? లెపెన్?

కూర్చుంటే? మీరు వేయని ఓటుతో మీరు ఒప్పుకోని చట్టం.

ఇరవై నిమిషాలు.

గుమ్మం మీ ఎడమ వైపు. పన్నెండు అడుగులు. ఇంకొకరు లేచారు. మీవాళ్లే. లెక్క తప్పుతోంది. పదకొండా? పదమూడా?

పది నిమిషాలు.

ఫోన్ వణికింది. చూడకండి. చూశారు. కొత్త నంబరు. 'సంతలో మాట్లాడాను మీతో.' అంతే ఉంది. ప్రశ్న కూడా లేదు.

మోకాళ్లు కదిలాయి. లేచారా? లేదు. సర్దుకున్నారు.

మూడు.

గొంతు తడారింది.

ఒకటి.

తలుపులు మూశారు.

బ్రోన్-పివే చేతికి కాగితం అందుతుంది. ఆమె చదువుతారు. "278."

ఒక్క క్షణం ఎవరికీ కూడిక రాదు. తర్వాత వస్తుంది. తొమ్మిది. తొమ్మిది ఓట్లు తక్కువ. మీ 61 మందిలో 19 మంది లేచారు. ఇంకో తొమ్మిది మంది లేచి ఉంటే! ఎడమ బెంచీల్లో మళ్లీ ప్లకార్డులు, మళ్లీ "రాజీనామా". మీరు ఎవరి మొహమూ చూడకుండా కాగితాలు సర్దుకుంటారు. సర్దడానికి కాగితాలేమీ లేవు. లెపెన్ పార్టీ తీర్మానానికి 94 ఓట్లే. చట్టం పాసైంది.

బయట విలేకరులు మైకులు పెడతారు. "బాధ్యతగా వ్యవహరించాం" అని మీ నోట వస్తుంది. ఆ మాట ఎవరు నేర్పారో మీకే తెలీదు.

ఆ తర్వాతి రోజులు వేగంగా దొర్లిపోతాయి. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు అధ్యక్షుడు టీవీలో కూర్చుని, ఇది తనకు సరదా కాదని, అవసరమని చెప్తారు. గురువారం బోర్డోలో మునిసిపల్ భవనం తలుపు తగలబడుతుంది. బ్రిటన్ రాజు చార్లెస్ రావాల్సిన పర్యటన వాయిదా పడుతుంది. ఏప్రిల్ 14న రాజ్యాంగ మండలి సరేనంటుంది, అధ్యక్షుడు ఆ రాత్రే సంతకం పెడతారు. ఆయన ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్లో జనం ఇంట్లోంచి గిన్నెలు తెచ్చి గరిటెలతో వాయిస్తారు. ఆ చప్పుడు మీ వీధిలో కూడా వినిపిస్తుంది, ఒక సాయంత్రం, సరిగ్గా ఎనిమిదింటికి.

2024 జూన్ 9న, యూరప్ ఎన్నికల్లో తన కూటమి చిత్తయిన రాత్రి, అధ్యక్షుడు నిజంగానే సభను రద్దు చేస్తారు. మీరు భయపడి కూర్చుండిపోయిన ఆ రద్దు ఇదే, పదిహేను నెలలు ఆలస్యంగా, మీ ఓటుతో పనిలేకుండా. మీ సీటు లెపెన్ పార్టీ వాళ్లకు పోతుంది.

కాబట్టి 2025 అక్టోబర్ 14న మీరు సభలో లేరు. ఇంట్లో టీవీ ముందు ఉన్నారు. బోర్న్ తర్వాత ముగ్గురు మారి నాలుగో ప్రధాని వచ్చారు, సెబాస్టియాఁ లెకోర్ను. అదే పీఠం, అదే నేత చిత్రం, అదే ఎర్ర కుర్చీలు. ఈ సభలో ఎవరికీ మెజారిటీ లేదు. తన ముందటి ఇద్దరినీ ఈ సభే ఇంటికి పంపింది. తాను నిలబడాలంటే సోషలిస్టులు కావాలి. 2028 జనవరి దాకా రిటైర్మెంట్ వయసు పెంచడం ఆపుతున్నామని ఆయన చదువుతారు. 49.3 కూడా వాడనంటారు. ఎడమ బెంచీల్లో చప్పట్లు.

శనివారం సంత. ఉల్లికాడల బండి అక్కడే ఉంది. ఆవిడా ఉంది. వచ్చే నెలకు 61. ఇప్పుడు భుజాన సంచి లేదు, చక్రాల బండి లాక్కుంటోంది. మిమ్మల్ని గుర్తుపట్టింది. తప్పించుకోవడానికి చోటు లేదు.

"విన్నాను టీవీలో. లెక్క వేసుకున్నాను. సభ ఒప్పుకుంటే నాకు 63 కాస్తా 62 ఏళ్ల తొమ్మిది నెలలవుతుందట."

"అంటే మూడు నెలలు కలిసొచ్చింది" అంటారు మీరు.

"మూడు నెలలు" అంటుంది ఆవిడ. బండివాడి చేతిలోంచి ఉల్లికాడల కట్ట అందుకుని, ఎడమ చేత్తోనే, చక్రాల సంచిలో పెట్టుకుంటుంది.